సత్యదేవ్ దూబే: తిట్లతో పాఠం చెప్పిన నాటక గురువు

1960ల చివరి రోజులు. బొంబాయిలో ఒక హిందీ నాటకానికి రిహార్సళ్లు జరుగుతున్నాయి. ఆ నాటకంతో ఏ సంబంధమూ లేని ఒక యువకుడు తరచూ వచ్చి ఒక మూల కూర్చుంటున్నాడు. జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చిత్రకళ నేర్చుకున్న అతనికి నటన మీద ప్రత్యేకమైన ఆసక్తి లేదు. నాటకంలో వేషం వేస్తున్న స్నేహితురాలి కోసం వచ్చి, రిహార్సల్ ముగిసేదాకా ఎదురుచూసేవాడు. కొన్నాళ్లు గమనించిన దర్శకుడు ఒకరోజు అతన్ని పిలిచి వేషం వేయమన్నారు. ప్రతిభ ఉందని పిలుస్తున్నట్టు పొరబడవద్దని, చేతిలో ఖాళీ సమయం పుష్కలంగా ఉన్నట్టు కనిపిస్తోంది కాబట్టే పిలుస్తున్నానని కూడా అక్కడే చెప్పేశారు.

ఆ యువకుడు అమోల్ పాలేకర్. ఆ దర్శకుడు సత్యదేవ్ దూబే. తర్వాతి కాలంలో హిందీ సినిమాల్లో కథానాయకుడిగా, దర్శకుడిగా పేరు తెచ్చుకున్న పాలేకర్ ఈ సంగతిని పలు సందర్భాల్లో నవ్వుతూ గుర్తుచేసుకున్నారు.

దూబే శిష్యులు చెప్పే కథలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ముందు ఒక అవమానం, ఆ వెనుక ఒక అవకాశం. దాదాపు అర్ధశతాబ్దం పాటు హిందీ, మరాఠీ, గుజరాతీ, ఇంగ్లిష్ నాటకాలకు దర్శకత్వం వహించిన ఈ మనిషి బొంబాయి రంగస్థలానికి ఎందరో నటులను ఇచ్చారు. ఆ నటులను అందరి ముందూ తిట్టారు, రిహార్సళ్ల నుంచి వెళ్లగొట్టారు, మళ్లీ పిలిచారు. నచ్చని నాటకం నచ్చలేదని అది ఆడినవారి ముఖం మీదే చెప్పారు. ఆయన మరణించి దశాబ్దానికి పైగా గడిచినా, ఆ కాఠిన్యం లేకుండా అంతటి శిక్షణ సాధ్యమయ్యేదా అన్న ప్రశ్న ఆయన పేరుతో పాటే వినిపిస్తూ ఉంటుంది.

క్రికెట్ కోసం వచ్చి, నాటకంలో చిక్కుకుని

సత్యదేవ్ దూబే 1936లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో జన్మించారు. బొంబాయి రావడానికి ఆయన్ను ప్రేరేపించింది నాటకం కాదు, క్రికెట్. పేరున్న ఆటగాడిని కావాలన్న కోరికతో వచ్చిన ఆ యువకుడు ఇబ్రహీం ఆల్కాజీ నడుపుతున్న థియేటర్ యూనిట్ అనే నాటక సమాజంలో చేరారు. ఆట వెనకబడింది. నాటకం జీవితమంతా ఆక్రమించింది.

లండన్‌లో నాటక విద్య అభ్యసించి వచ్చిన ఆల్కాజీ అప్పటికి బొంబాయిలో గ్రీకు విషాద నాటకాలను, ఇబ్సెన్, స్ట్రిండ్‌బర్గ్ వంటి ఐరోపా రచయితల నాటకాలను ఎక్కువగా ఇంగ్లిష్‌లో ప్రదర్శిస్తున్నారు. 1962లో ఆయన జాతీయ నాటక పాఠశాల బాధ్యతలు స్వీకరించి ఢిల్లీ వెళ్లిపోయారు. థియేటర్ యూనిట్ భారం ఇరవై ఆరేళ్ల దూబే భుజాల మీద పడింది.

గురువు వదిలి వెళ్లిన సమాజాన్ని శిష్యుడు వేరే దారిలో నడిపించారు. ఆ మలుపుకు గుర్తుగా నిలిచిన నాటకం ధర్మవీర్ భారతి రాసిన ‘అంధా యుగ్’. కురుక్షేత్ర సంగ్రామంలో పద్దెనిమిదో రోజుతో మొదలై కృష్ణుడి మరణంతో ముగిసే ఈ కావ్యనాటకాన్ని భారతి 1950లలో రేడియో కోసం రాశారు. యుద్ధం ముగిశాక మిగిలే ద్వేషం, గెలిచినవారినీ ఓడినవారినీ సమానంగా ఆవరించే చీకటి అందులోని వస్తువు. దేశ విభజన గాయాలు పచ్చిగా ఉన్న కాలంలో అది మహాభారత కథగా మాత్రమే వినిపించేది కాదు. వినడానికి రాసిన ఈ రచన ఆడటానికి కూడా పనికివస్తుందని గుర్తించినవారు దూబే. 1962లో ఆయన దాన్ని బొంబాయిలో రంగస్థలం ఎక్కించారు. ఆ రచనను ఆల్కాజీ దృష్టికి తీసుకువెళ్లింది కూడా ఆయనే. మరుసటి ఏడాది ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల నడుమ ఆల్కాజీ చేసిన ప్రదర్శనతో ‘అంధా యుగ్’ ఆధునిక భారతీయ నాటకాల్లో అగ్రస్థానానికి చేరింది.

తాను కనుగొన్న నాటకాన్ని తన సొత్తుగా దాచుకోకపోవడం దూబే స్వభావంలో ఒక పార్శ్వం. తిట్ల గురించి చెప్పుకునేవారు ఈ పార్శ్వాన్ని తరచూ మరిచిపోతారు.

నాలుగు భాషలు, ఒక వేదిక

1960లు, 70లు భారతీయ నాటక రచనకు అరుదైన కాలం. హిందీలో ధర్మవీర్ భారతి, మోహన్ రాకేశ్, బెంగాలీలో బాదల్ సర్కార్, మరాఠీలో విజయ్ తెందూల్కర్, కన్నడంలో గిరీశ్ కర్నాడ్ దాదాపు ఒకే కాలంలో రాస్తున్నారు. ఒకరి భాష మరొకరి ప్రేక్షకులకు తెలియదు. ఆ రచనలన్నీ బొంబాయిలో ఒకే దర్శకుడి చేతుల మీదుగా హిందీ ప్రేక్షకుల ముందుకు రావడం దూబే వల్ల జరిగింది.

కర్నాడ్ తొలి నాటకం ‘యయాతి’ని ఆయన అమ్రీష్ పురి ప్రధాన పాత్రలో హిందీలో ప్రదర్శించారు. ‘హయవదన’ను కూడా హిందీ వేదిక మీదికి తెచ్చారు. బాదల్ సర్కార్ ‘ఏవం ఇంద్రజిత్’, మోహన్ రాకేశ్ ‘ఆధే అధూరే’ ఆయన చేతిలో బొంబాయి ప్రదర్శనలయ్యాయి. ఒక మధ్యతరగతి ఇల్లాలి జీవితంలోకి వచ్చే వేర్వేరు పురుషుల పాత్రలన్నిటినీ ఒకే నటుడు పోషించాల్సిన ‘ఆధే అధూరే’లో ఆ భారాన్ని అమ్రీష్ పురి మోశారు. తెందూల్కర్ రాసిన ‘శాంతతా! కోర్ట్ చాలూ ఆహే’ నాటకాన్ని దూబే 1971లో మరాఠీ చలనచిత్రంగా తీశారు. గోవింద్ నిహలానీ ఛాయాగ్రహణం చేసిన ఆ చిత్రంలో సులభా దేశ్‌పాండే ప్రధాన పాత్ర ధరించగా, పాలేకర్, అమ్రీష్ పురి కూడా నటించారు. అదే ఏడాది దూబేకు దర్శకత్వానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది.

ఇవేవీ డబ్బు తెచ్చిపెట్టే నాటకాలు కావు. వీటిలో భారీ సెట్లు ఉండవు, మిరుమిట్లు గొలిపే దీపాలు ఉండవు. పగలంతా బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసి సాయంత్రం రిహార్సళ్లకు వచ్చే మనుషులే నటులు. దాదర్‌లోని ఛబిల్‌దాస్ పాఠశాల హాలు వంటి చిన్న చోట్లలో మరాఠీ ప్రయోగాత్మక రంగస్థలం ఊపిరి పోసుకుంటున్న కాలమది. అలాంటి వేదిక మీద నటుడికి ఆసరాగా ఉండేవి రెండే: రచయిత రాసిన వాక్యం, దాన్ని పలికే తన గొంతు. దూబే శిక్షణలోని కాఠిన్యమంతా ఈ రెండింటి చుట్టూనే తిరిగింది.

వాక్యం చెడితే విరుచుకుపడే గురువు

నాట్యశాస్త్రం చెప్పే నాలుగు అభినయాల్లో దూబే దృష్టి ముఖ్యంగా వాచికం మీద ఉండేది. ఆయన దగ్గరకు వచ్చే యువతలో మరాఠీవారు, పంజాబీలు, గుజరాతీలు, కొంకణీ మాట్లాడేవారు ఉండేవారు. ఒక్కొక్కరి హిందీ ఒక్కో యాసలో ఉండేది. వాళ్లందరి చేత ఆయన నాటక ప్రతిని బిగ్గరగా చదివించేవారు. వాక్యం ఎక్కడ విరగాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ పదం మీద బరువు పడితే అర్థం మారిపోతుందో తెలిసేదాకా ఆ పఠనం ఆగేది కాదు. భావం ముఖంలోకి రావడానికి ముందు వాక్యం నోట్లో స్థిరపడాలన్నది ఆయన పద్ధతి.

ఈ పద్ధతికి ఆయన ఎంచుకున్న నాటకాలే సాక్ష్యం. ‘అంధా యుగ్’ పద్యగతిలో నడిచే రచన. బెర్నార్డ్ షా ‘మ్యాన్ అండ్ సూపర్‌మ్యాన్’ నుంచి ఆయన తీసుకుని ప్రదర్శించిన ‘డాన్ జువాన్ ఇన్ హెల్’ భాగంలో నలుగురు మనుషులు నరకంలో కూర్చుని వాదించుకోవడం తప్ప చెప్పుకోదగిన సంఘటన ఏదీ జరగదు. పేజీల కొద్దీ సాగే ఆ ప్రసంగాలను ప్రేక్షకుడు విసుగు లేకుండా వినాలంటే నటుడికి వాక్యం మీద పూర్తి పట్టు ఉండాలి.

ఆ పట్టు చిక్కనివాళ్ల మీద దూబే విరుచుకుపడేవారు. పదిమంది ముందు బూతులు తిట్టేవారు. బుద్ధిహీనులని నిందించేవారు. రిహార్సల్ మధ్యలో బయటకు పొమ్మనేవారు. కొత్తవారు, పేరున్నవారు అన్న తేడా చూపేవారు కాదు. వెళ్లగొట్టినవాళ్లను మరునాడు ఏమీ జరగనట్టు పలకరించడం కూడా ఆయనకు మామూలే. వయసులో తనకంటే నాలుగేళ్లు పెద్దవారైన అమ్రీష్ పురి ఆయన్ను గురువుగా స్వీకరించి, జీవితాంతం అలాగే చెప్పుకున్నారు. సినిమాలో నాయక వేషం కోసం ప్రయత్నించి విఫలమై, ఉద్యోగుల రాజ్య బీమా సంస్థలో గుమాస్తాగా పనిచేస్తున్న రోజుల్లో పురి రంగస్థలానికి వచ్చారు. తెలుగు ప్రేక్షకులు ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో మాంత్రికుడిగా చూసిన ఆ నటుడు హిందీ సినిమాలో పేరు తెచ్చుకున్నది గంభీరమైన గొంతుతో. ఆ గొంతుకు పదును పెట్టింది దూబే రిహార్సళ్లే. 1979లో పురికి కూడా సంగీత నాటక అకాడమీ పురస్కారం దక్కింది.

అయితే అందరూ అమ్రీష్ పురిలా నిలబడలేదు. తిట్లు భరించలేక వెళ్లిపోయినవారూ ఉన్నారు. గురువు గురించి పుస్తకాల్లో రాసేది, సభల్లో చెప్పేది నిలిచినవారే. వెళ్లిపోయినవారి మాట ఎక్కడా నమోదు కాదు. అందువల్ల కఠిన శిక్షణ గొప్ప నటులను తయారుచేసిందని చెప్పుకునే ప్రతి సందర్భంలోనూ లెక్క ఒక వైపునుంచే జరుగుతుంది. అవమానం వల్ల ఎవరు ఎదిగారో లోకానికి తెలుసు. దానివల్ల ఎవరు నోరు విప్పడం మానేశారో తెలియదు. దూబే జీవితాన్ని చెప్పుకునేటప్పుడు ఈ ఖాళీని గుర్తుంచుకోవడం అవసరం.

మొహమాటం లేని అభిప్రాయాలు

దూబే నోటికి రిహార్సల్ గదిలోనే కాదు, బయట కూడా అడ్డు ఉండేది కాదు. మిత్రుడి నాటకమైనా, శిష్యుడి నాటకమైనా బాగోలేదనిపిస్తే ప్రదర్శన ముగిసిన వెంటనే చెప్పేసేవారు. నాటక రంగం చిన్నది. అందులో అందరూ అందరికీ తెలిసినవారే. ఎదురుగా మెచ్చుకుని, వెనకాల పెదవి విరవడం అక్కడ సర్వసాధారణం. ఆ మర్యాదను దూబే పాటించలేదు. అందువల్ల గొడవలు పడ్డారు, స్నేహాలు చెడగొట్టుకున్నారు, కొన్నిటిని తిరిగి అతికించుకున్నారు.

ఆ నిర్మొహమాటానికి మరో ముఖం కూడా ఉంది. నచ్చిన రచన కనిపిస్తే అంతే తీవ్రతతో దాని వెంట పడేవారు. కొత్త రచయిత అన్న సంకోచం లేకుండా ఆ నాటకాన్ని వేదిక ఎక్కించే ప్రయత్నం చేసేవారు. కర్నాడ్ గానీ, బాదల్ సర్కార్ గానీ హిందీ ప్రేక్షకులకు ఇంకా పెద్ద పేర్లు కాని రోజుల్లో వారి నాటకాలను చేపట్టడానికి అలాంటి మొండితనం అవసరమైంది. నాటకం బాగోలేదని మొహం మీద చెప్పే మనిషి బాగుందంటే, ఆ మాటకు విలువ ఉండేది. బొంబాయి నాటకరంగం ఆయన్ను భరించడానికి ఒక కారణం అది.

తనను తాను కూడా ఆయన మినహాయించుకోలేదు. పేరు తెచ్చిన పాత ప్రదర్శనలను ఆడుకుంటూ కాలం గడపకుండా, కొత్త కుర్రాళ్లతో కొత్త నాటకం మొదలుపెట్టేవారు. స్వయంగా నాటకాలు రాశారు. 1970ల మధ్యలో ఆయన రాసి దర్శకత్వం వహించిన ‘సంభోగ్ సే సన్యాస్ తక్’ రిహార్సళ్లలోనే నసీరుద్దీన్ షా, రత్నా పాఠక్ తొలిసారి కలుసుకున్నారు. తర్వాత దంపతులైన వారిద్దరూ హిందీ, ఇంగ్లిష్ రంగస్థలాన్ని దశాబ్దాల పాటు విడిచిపెట్టలేదు.

తెలంగాణ కథలకు మాటలు

తెలుగునాట దూబే పేరు తెలియనివారు కూడా ఆయన రాసిన మాటలు విని ఉండవచ్చు. హైదరాబాద్‌కు చెందిన శ్యామ్ బెనెగల్ 1974లో తన తొలి కథాచిత్రం ‘అంకుర్’ తీసినప్పుడు సంభాషణలు రాసింది దూబే. తెలంగాణ పల్లెలో భూస్వామి కొడుకు, అతని ఇంట్లో పనిచేసే దళిత స్త్రీ, మాట్లాడలేని ఆమె భర్త చుట్టూ తిరిగే కథ అది. షబానా ఆజ్మీ నోట దక్కనీ యాస వినిపించిన ఆ చిత్రంలో భూస్వామి కొడుకుగా నటించిన అనంత్ నాగ్ కూడా బొంబాయి నాటకరంగం నుంచి వచ్చినవారే.

మరుసటి ఏడాది వచ్చిన ‘నిశాంత్’ కూడా భూస్వామ్య కాలపు తెలంగాణ కథే. దానికి తెందూల్కర్ స్క్రీన్‌ప్లే రాయగా, సంభాషణలు దూబే సమకూర్చారు. అందులో జమీందారుగా అమ్రీష్ పురి కనిపించారు. 1983లో హైదరాబాద్ నేపథ్యంతో బెనెగల్ తీసిన ‘మండీ’ రచనలోనూ దూబే పాలుపంచుకున్నారు. మరాఠీ నటి హంసా వాడ్కర్ ఆత్మకథ ఆధారంగా వచ్చిన ‘భూమిక’కు బెనెగల్, కర్నాడ్‌లతో కలిసి స్క్రీన్‌ప్లేకు జాతీయ పురస్కారం అందుకున్నారు. ‘జునూన్’ సంభాషణలకు ఫిలింఫేర్ అవార్డు లభించింది.

రిహార్సల్ గదిలో గంటల తరబడి ఒక్క వాక్యం కోసం పట్టుబట్టిన మనిషి సినిమాకు రాసినప్పుడు మాటలను చాలా పొదుపుగా వాడారు. ‘అంకుర్’లో పనిమనిషి లక్ష్మి చాలాసేపు మాట్లాడదు. ఆమె కోపమంతా చివరన ఒక్కసారి బయటపడుతుంది. మాట ఎప్పుడు రావాలో తెలిసినవారికే మౌనం ఎంతసేపు ఉండాలో తెలుస్తుంది.

ఇద్దరు కఠిన గురువులు

భారతీయ నాటక శిక్షణలో కాఠిన్యం గురించి మాట్లాడితే దూబే కంటే ముందు వినిపించే పేరు ఆయన గురువు ఆల్కాజీదే. 1962 నుంచి 1977 వరకు జాతీయ నాటక పాఠశాలను నడిపిన ఆల్కాజీ సమయపాలన, శుభ్రత, పద్ధతి విషయంలో ఏమాత్రం సడలింపు ఇచ్చేవారు కాదు. అయితే ఆయన కాఠిన్యం ఒక వ్యవస్థగా ఉండేది. పాఠ్యప్రణాళిక, వేళలు, గ్రంథాలయం, కార్యశాల, ప్రభుత్వ నిధులు దాని వెనుక ఉండేవి. విద్యార్థికి ఏది తప్పో ముందే తెలిసేది.

దూబేకు సంస్థ లేదు, ప్రణాళిక లేదు. ఎవరిది ఖాళీ గది అయితే అదే ఆయన పాఠశాల. ఆయన కోపం ఎప్పుడు, ఎవరి మీద, ఎందుకు విరుచుకుపడుతుందో ఊహించడం కష్టం. గురువు మనఃస్థితే నియమమైనప్పుడు శిష్యుడికి రక్షణ ఉండదు. ఈ లోపాన్ని ఆయన ప్రతిభ కప్పిపుచ్చగలదే తప్ప, తొలగించలేదు.

అదే సమయంలో, సంస్థ ఇవ్వలేనిది ఒకటి దూబే ఇచ్చారు. ప్రవేశ పరీక్ష, అర్హత పత్రం, పలుకుబడి ఏదీ అక్కర్లేకుండా, మూలన కూర్చున్న కుర్రాడికి సైతం వేషం ఇచ్చారు. ఆయన నీడలోంచి బయటకు వెళ్లి సొంత సమాజాలు పెట్టుకున్నవారూ తక్కువమంది కాదు. పాలేకర్ 1972లో ‘అనికేత్’ స్థాపించారు. ఏళ్ల తరబడి దూబేతో పనిచేసిన సునీల్ శాన్‌బాగ్ 1985లో ‘అర్పణ’ ప్రారంభించారు. వారి ద్వారా ముందు తరాలకు అందింది నాటక ప్రతిని గౌరవించడం, వాక్యాన్ని తూచి పలకడం, తక్కువ వనరులతో ప్రదర్శన నిలబెట్టడం. నేర్పదగినవి ఇవే. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూపించడానికి తిట్టు అవసరం లేదు. తిట్టు దూబే స్వభావం, వాక్యం ఆయన విద్య. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండటం వల్ల మొదటిది రెండోదానికి కారణమన్న భ్రమ చాలాకాలం నిలిచింది.

పృథ్వీ థియేటర్‌లో చివరి రోజులు

1978లో జుహూలో శశికపూర్, జెన్నిఫర్ కెండల్ దంపతులు ప్రారంభించిన పృథ్వీ థియేటర్ దూబేకు రెండో ఇల్లయింది. అక్కడి చిన్న హాల్లో నాటకాలు వేసేవారు. బయటి కేఫ్‌లో కూర్చుని వచ్చిపోయే యువ నటులతో వాదనకు దిగేవారు. వయసు మీద పడినా యువతకు వర్క్‌షాపులు నడపడం మానలేదు. సినిమా అవకాశాల కోసం నగరానికి వచ్చిన కుర్రాళ్లకు ఆయన వర్క్‌షాపు భయపెట్టే చోటు, అదే సమయంలో రుసుము ఎంతనో, సిఫార్సు ఎవరిదనో చూడకుండా తలుపు తట్టగలిగిన చోటు.

2011లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో పృథ్వీ థియేటర్ కేఫ్‌లోనే ఆయన మూర్ఛవచ్చి కుప్పకూలారు. ఆ తర్వాత కోమాలోకి వెళ్లారు. గొంతునే నమ్ముకుని బతికిన మనిషి నెలల తరబడి మాట లేకుండా ఆసుపత్రి మంచం మీద ఉండిపోయారు. 2011 డిసెంబరు 25న, డెబ్బై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన పోయాక నివాళి సభల్లో శిష్యులు ఆయన తిట్లను తలుచుకుని నవ్వారు, కన్నీళ్లు పెట్టుకున్నారు. తిట్టినంత తీవ్రంగానే తమను పట్టించుకున్నారన్నది వారిలో చాలామంది చెప్పుకునే మాట. ఒక కుర్రాడి ఖాళీ సమయాన్ని చూసి వేషం ఇచ్చిన దర్శకుడు తన సమయాన్ని మాత్రం ఎన్నడూ ఖాళీగా ఉంచుకోలేదు. దాన్నంతా ఇతరుల గొంతులు సరిచేయడానికే ఖర్చుచేశారు.